జానమ్మకు నీళ్లు

కాన్పు కష్టమై బిడ్డ కడుపులోనే పోయింది. దాంతోపాటు జానమ్మ మూత్రం సంచికి లోపల చిల్లు పడింది. అప్పటినుంచి రాత్రీ పగలూ కారడమే. కల్వకుర్తి పక్క ఊళ్లో అత్తగారింటివాళ్లు ఆమె పడకను గొర్ల దొడ్లోకి మార్చేశారు. గొర్ల కంపులో ఆమె కంపు కలిసిపోతుందట, ఏం మనుషులో! మొగుడు ఐలేశం అటు తిరిగి చూస్తే ఒట్టు. అత్త బక్కమ్మ కూడు దూరం నుంచే నెట్టేది, నీళ్లు మాత్రం గుక్కెడే పోసేది. తాగితే కదా కారేది అని ఆవిడ తెలివి. ఆ తెలివికి జానమ్మ నాలుక పిడచకట్టేది, కారేది చిక్కబడి మరింత ఘాటెక్కేది. తన ఒళ్లంటే తనకే రోత పుట్టింది.

గొర్ల మంద వెంట తిరిగే మనిషి కరువై, కోడలు బాగైతే ఆ పనికొస్తుందని చివరికి బక్కమ్మే ఆమెను పాలమూరు తీసుకొచ్చింది. 1960ల మొదట్లో అక్కడ మొయినుద్దీన్ డాక్టరు రెండు గదుల దవాఖాన పెట్టుకుని ఉన్నాడు. మూత్రం జబ్బులకే ప్రత్యేకంగా చదువుకున్న మనిషి. స్టూలు మంచానికి ఆనించి కూర్చుని, "ఎప్పటిసంది గిట్లున్నది బేటీ?" అని అడిగాడు. జానమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. ఇన్నాళ్లకు ఒకరు ఆమె మొహం చూసి మాట్లాడారు.

ఆపరేషన్ చేసి చిల్లు కుట్టాడు. సన్న గొట్టం వేసి మంచం కింది సీసాలోకి దింపాడు. "గొట్టం పారుతనే ఉండాలె. ఆగితే కుట్లు పిగిలిపోతయ్, మల్ల కుట్టుడు నాతోని గూడ కాదు. కడుపునిండ నీళ్లు తాపు" అని బక్కమ్మకు మరీ మరీ చెప్పాడు.

బక్కమ్మ ఊ కొట్టింది. ఆయన అటు పోగానే మంచం పక్కనున్న నీళ్ల కుండ తీసుకెళ్లి వసారాలో పెట్టింది. సీసాలోకి పడుతున్నదాన్ని చూసి కిటికీలోంచి ఉమ్మేసింది.

"అత్తా, జర నీళ్లు."

"కారి కారి సచ్చినా సిగ్గు రాదా నీకు? సప్పుడు జెయ్యకుండ పండు."

పొద్దున డాక్టరు వచ్చేసరికి గొట్టంలో నెత్తురు గడ్డ అడ్డంపడి, సీసాలో చుక్క పడటం లేదు. జానమ్మ పొత్తికడుపు పట్టుకుని మెలికలు తిరుగుతోంది. ఆయన పిచికారీతో మెల్లగా గడ్డను కడిగాడు. మళ్లీ పారింది. కుట్లు నిలిచాయి. అప్పుడు ఆయనకు వసారాలో కుండ కనబడింది.

"నీళ్లెందుకియ్యలే?"

"తాగితె కారదా సారూ?" అంది బక్కమ్మ అమాయకంగా.

ఆయన మొహం జేవురించింది. "మా అమ్మీకి గిదే బీమారి. మా ఇంట్ల గూడ గిట్లనే నీళ్లు బంద్ పెట్టిన్రు. పశువుల కొట్టంల ఎండి ఎండి పానం ఇడిసింది. గందుకే నేను గీ సదువు సదివిన. నిన్ను జూస్తే అసయ్యమైతాంది. బయటికి నడువ్!"

ఆ పూట నుంచి ఆయనే వచ్చి గ్లాసు నింపి ఇచ్చేవాడు. జానమ్మ వద్దనకుండా తాగేది. తాగినకొద్దీ దాహం పెరిగేది.

గొట్టం తీసేసిన మర్నాడు పక్క పొడిగా ఉంది. జానమ్మ తడిమి తడిమి చూసుకుంది. కబురంది ఐలేశం తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. బక్కమ్మ దుప్పటి ఎత్తి వాసన చూసింది, కోడలి చీర కూడా పట్టి చూసింది, సంతలో గొర్రెకు పళ్లు చూసినట్టు.

"ఏమొస్తలేదురా. ఇగ తోల్కపోదాం" అని కొడుక్కి చెప్పి, కోడలివైపు తిరిగింది. "ఇంటికి పోయినంక నీళ్లు జర తక్వ తాగు. మల్ల షురూ అయితది."

జానమ్మ ఆవిడ చేతిలోంచి తన చీర లాక్కుంది. ఇన్నాళ్లూ తన ఒంటిని చూసి పుట్టిన రోతే ఇప్పుడు అత్తను చూసి పుట్టింది, కాదు, ఇది అంతకన్నా ఎక్కువ.

"అత్తా, నువ్వు పోసే నీళ్లు ఇగ నేను తాగ. మిమ్మల్ని జూస్తేనే రోతైతాంది నాకు" అంది.

ఐలేశం ఏదో అనబోయాడు. ఆమె అతనివైపు చూడను కూడా లేదు. తన తల్లిగారిది నారాయణపేట దిక్కు. ఆ బస్సు ఎక్కడాగుతుందని డాక్టరును అడిగింది.