పక్క సీటు బ్రేకు

డ్రైవింగ్ మాస్టారికి ఒక జబ్బు ఉంది. జబ్బు అని పేరు పెట్టింది ఆయన భార్య. ఆయన మాత్రం వృత్తిధర్మం అనుకునేవాడు. పొద్దస్తమానం నేర్చుకునేవాళ్ల పక్కన కూర్చుని, తన కాళ్ల దగ్గరున్న రెండో బ్రేకు మీద పాదం ఆనించి, "క్లచ్చు తొక్కు, గేరు మార్చు" అని అరవడం ఆయన పని. అలవాటైపోయి, ఇంట్లో భార్య పాలు కాస్తున్నా "ఇప్పుడు తగ్గించు" అంటాడు. కాలు నేలని తొక్కుతూనే ఉంటుంది.

ఆ ఆదివారం కూతురి ఫుట్‌బాల్ మ్యాచ్. పన్నెండేళ్ల పిల్ల అన్నాళ్లూ బెంచీ మీదే కూర్చుంది. అసలు గోల్‌కీపర్‌కి జ్వరం రావడంతో కోచ్ గ్లోవ్స్ తెచ్చి దీని చేతిలో పెట్టి, "ఇవాళ బాగా ఆడితే ఇకనుంచి నువ్వే" అన్నాడు. పిల్లకి తిండి సహించలేదు. మాస్టారికైతే తనే ఆడబోతున్నంత హడావుడి. ఆటలో ఆయనకి తెలిసిందల్లా బంతి గుండ్రంగా ఉంటుందని. ఆ పాటి పాండిత్యంతోనే వెళ్లి గోల్ పక్కన కంచె దగ్గర నిలబడ్డాడు.

ఆట ముగియవస్తోంది. పిల్ల జట్టు ఒక గోల్ ముందుంది. తన మీదికి వచ్చిన బంతిని పిల్ల చక్కగా పట్టుకుంది, తన్నడానికి నేల మీద వేసి కాస్త ముందుకు నెట్టింది. అంతలో అవతలి జట్టు పిల్ల ఒకతె బంతి మీదికి పరిగెత్తుకొచ్చింది. మాస్టారి కాలు నేలని తొక్కేసింది. నోరు ఊరుకుంటుందా?

"చేత్తో తియ్యి. చేత్తో తియ్యమంటుంటే!"

పిల్ల ఒక్క క్షణం తండ్రి వైపు చూసింది. తర్వాత వంగి బంతి తీసుకుంది. రిఫరీ ఈల ఊదాడు.

కోచ్ తల పట్టుకున్నాడు. "చేతిలోంచి వదిలేసిన బంతిని ఇంకొకళ్లు ముట్టుకోకముందే కీపర్ మళ్లీ చేత్తో తీయకూడదు. వాళ్లకి ఫ్రీ కిక్. ఎవరండీ ఆ అరిచింది?"

మాస్టారు కూడా ఎవరా అన్నట్టు వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. ఆయనకి తల కొట్టేసినట్టయింది.

రిఫరీ ఒక చెయ్యి నిటారుగా పైకెత్తి నిలబడ్డాడు. అవతలి పిల్ల గోల్‌కేసి బలంగా తన్నింది.

"పట్టుకో," అని అరిచాడు మాస్టారు. సిగ్గుపడినంత మాత్రాన జబ్బు తగ్గుతుందా?

పిల్ల చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని పక్కకి తప్పుకుంది. బంతి వలలో పడింది. మాస్టారు కంచె పట్టుకుని కూలబడ్డాడు. కొంప ముంచాను, పిల్ల గ్లోవ్స్ నా నోటితో నేనే ఊడబీకాను అనుకుని ఏడ్చినంత పని చేశాడు.

రిఫరీ గోల్ కాదన్నాడు.

ఆ ఒక్క గోల్ తేడాతోనే మ్యాచ్ గెలిచాక కోచ్ నవ్వుతూ వచ్చాడు. "ఈ తప్పుకి ఇచ్చే ఫ్రీ కిక్‌లో బంతి ఎవరికీ తగలకుండా నేరుగా లోపలికెళ్తే గోల్ ఇవ్వరండీ. రిఫరీ చెయ్యెత్తింది అందుకే. మీ అమ్మాయి వేలు తగిలి వెళ్లుంటే గోల్ అయ్యేది," అని పిల్ల వైపు తిరిగి, "గ్లోవ్స్ నీ దగ్గరే ఉంచుకో" అన్నాడు.

తిరుగు ప్రయాణం డ్రైవింగ్ స్కూలు కారులోనే. మాస్టారు నడుపుతున్నాడు. ఆయన రోజూ కూర్చునే సీట్లో పిల్ల కూర్చుంది.

"చేత్తో తీయకూడదని నీకు తెలుసా?"

"తెలుసు."

"మరెందుకు తీశావే?"

"నువ్వు చెప్పావు కదా నాన్నా."

ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన గ్లోవ్స్‌ని తన మాట కోసం పణంగా పెట్టింది పిచ్చిపిల్ల. అయినా మాస్టారు మళ్లీ అడిగాడు.

"మరి రెండోసారి ఎందుకు వినలేదు?"

"మొదటిసారి విన్నాను కదా."

"అది కాదమ్మా, నేనేమంటానంటే..." అని పిల్ల వైపు తిరిగాడు.

కారు ఒక్క కుదుపుతో ఆగిపోయింది. ఎదురుగా ఎర్ర లైటు. మాస్టారి కాలు ఎక్కడిదక్కడే ఉంది. రెండో బ్రేకు మీద పిల్ల కాలుంది.

"ముందు రోడ్డు చూడు నాన్నా," అంది.

మాస్టారు నోరు మూసుకుని రోడ్డు చూశాడు.