డిస్కు మీద రాయకు

మధ్యాహ్నం రెండు గంటలకు, సువర్చల పాత లినక్స్ లాప్‌టాప్‌లో డిస్కు కిర్రుమన్నప్పుడల్లా తమ్ముడి గొంతులోంచి ఒక అక్షరం ఊడి కీబోర్డు మీద పడుతోంది. ఆమె వాటిని ఏరి గిన్నెలో వేసి మూత పెడుతుంది.

గొంతు ఆపరేషన్ తర్వాత తమ్ముడు ఫణికి మాట లేదు. పలక, బలపం పట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. అతని గొంతు మిగిలింది ఆ డిస్కులోనే, ఎప్పుడో సరదాకి రికార్డు చేసుకున్న నలభై నిమిషాలు. రిపేరు షాపతను ఇవాళ పొద్దున్నే తేల్చేశాడు. "కొత్త డిస్కు రేపు తెస్తానమ్మా. అందాకా పాతదాని మీద ఏమీ రాయనివ్వకండి, చచ్చూరుకుంటుంది."

రాయకుండా ఉంటే కదా ఆ పాడు యంత్రం. ఏ ఫైలు ఎవరు ఎప్పుడు తెరిచారో కూడా చాడీల్లా రాసి పెట్టుకునే రకం. సువర్చల ముందుగా ఆ అలవాటు మాన్పిస్తుంది. దాంతో గోడ మీది క్యాలెండరులో తేదీలు చెరిగిపోతాయి. మెమరీ నిండినప్పుడు సామానంతా డిస్కు మీదికి తోసే దారి మూసేస్తుంది. పడకగది తలుపు గోడలో కలిసిపోతుంది. పోతే పోయింది, ఆమె పడుకుని నాలుగు రోజులైంది.

డిస్కు మళ్ళీ కిర్రుమంటుంది. "క్కా" రాలుతుంది.

ఫణి పలక మీద రాసి చూపిస్తాడు. "నిన్ను పిలిచేది అదే."

సువర్చలకి ఏడుపు ముంచుకొస్తుంది. టైపు చేస్తుంది. "అన్నీ, వాడి గొంతుతో సహా, మెమరీలోనే పెట్టు."

"నాది నిండిపోయింది. ఎవరి మెమరీలో?" అని తెర అడుగుతుంది.

"నా దాంట్లో."

"కరెంటు పోతే మెమరీలో ఏదీ మిగలదు. మీకు నిద్ర పట్టినా అంతే."

"తెలుసులే, కానియ్."

డిస్కు ఆగుతుంది. లాప్‌టాప్ కొన్ననాటికన్నా చురుగ్గా ఉంది. గిన్నె ఖాళీ. సువర్చల గుండెల్లో ఏదో గిర్రున తిరుగుతోంది. ఫణి పెదవులు కదుపుతాడు. మాట ఆమె నోట్లోంచి వస్తుంది, అచ్చం అతని గొంతే.

"అక్కా, రేపటిదాకా కళ్ళు మూయకే."

అయినా ఆమె రెప్పలు వాలిపోతాయి. ఫణి బలపం నాలుకకి అద్దుకుని ఆ రెప్పల మీద తెరిచిన కళ్ళు గీస్తాడు. మొదటి కన్ను పూర్తవగానే అది అతన్ని చూస్తుంది. రెండోది సగంలో ఉండగా బలపం అయిపోతుంది.

అతను పెదవులు కదుపుతాడు. ఆమె నోట్లోంచి "అ" ఒక్కటే వస్తుంది.

ఫణి వేలితో గీయడం మొదలుపెడతాడు. గీత పడుతోంది. వేలు తెల్లగా అరుగుతోంది.