రొట్టె పళ్ళెం కింద పెట్టిన మనిషి

డబ్బా మూతలు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో ప్రెస్సు మిషను మీది ఇనుపదిమ్మ కిందికి దిగాలంటే, రెండు చేతులతో రెండు బటన్లు ఒకేసారి నొక్కాలి. చేతులు రెండూ బటన్ల మీద ఉన్నంతసేపూ దిమ్మ కింద నలగవన్న ముందుచూపుతో చేసిన ఏర్పాటది. అయితే ఒక బటనులో చిన్న చెక్కముక్క ఇరికిస్తే ఒంటిచేత్తో పని నడుస్తుంది, గంటకు మూతలు ఎక్కువ పడతాయి. పన్నెండు మిషన్లకూ ఆ ముక్కలు చెక్కి ఇరికించినవాడు మేస్త్రి. ఇరికించమన్నవాడు మేనేజరు.

నాలుగు నెలల కిందట ఏడో మిషను మీద పనిచేసే అమ్మాయి కుడిచేతి రెండు వేళ్ళు పోయాయి. అందరూ ఆమెను మోసుకుంటూ గేటు వైపు పరుగెత్తుతున్న సమయంలో మేస్త్రి చెక్కముక్క పీకి జేబులో వేసుకున్నాడు. తరువాత కార్మికశాఖ విచారణ జరిగింది. కార్మికురాలి అజాగ్రత్త వల్లనే ప్రమాదం జరిగిందని రాసిన కాగితం మీద అతను సంతకం పెట్టాడు. వేళ్ళతోపాటు ఆమె ఉద్యోగమూ పోయింది.

మేస్త్రి దుర్మార్గుడు కాడు. పిరికివాడు. ఈ రెంటికీ తేడా ఉందని మనం అనుకుంటాం గానీ, దెబ్బ తిన్నవాళ్ళకు ఆ తేడా కనిపించదు.

అతను చర్చిలో సంఘ పెద్ద కూడా. క్రీస్తు శరీరానికి గుర్తుగా రొట్టె పంచే ప్రభువు బల్ల ఆరాధన రోజున ఆ రొట్టె పళ్ళెం పట్టుకుని వరుస వెంట నడిచే బాధ్యత అతనిది. ఆ సంఘంలో పెద్ద ఒక్కొక్కరి కుడి అరచేతిలో రొట్టె ముక్క పెట్టి, వారి కళ్ళలోకి చూసి, 'ఇది నీకోసం విరిగింది' అనాలి. పళ్ళెం వైపు చూస్తూ గొణిగితే కుదరదు.

ఆ అమ్మాయిదీ అదే సంఘం. ప్రమాదం తరువాత చర్చికి రాలేదు. నాలుగు నెలలకు, ప్రభువు బల్ల ఉన్న ఒక ఆదివారం వచ్చింది. మూడో వరుస చివర కూర్చుంది. మేస్త్రి ఆమె ముందుకు వచ్చేసరికి, మూడు వేళ్ళు మిగిలిన కుడిచేతిని ఆమె దాచకుండా, తువ్వాలు కప్పకుండా, అందరిలాగే చాపింది. అతను రొట్టె ముక్క తీశాడు. ఆమె కళ్ళలోకి చూశాడు. అనవలసిన మూడు మాటల్లో ఒక్కటీ అనలేకపోయాడు. పళ్ళెం బల్ల మీద పెట్టేశాడు.

చర్చంతా గుసగుసలు. ఒంట్లో బాగాలేదేమోనని పాస్టరుగారు దిగి వచ్చారు. మేస్త్రి ఆయన వైపు తిరగలేదు.

"చెల్లెమ్మా, తప్పు నీది కాదు. చెక్కముక్క పెట్టింది నేను. తీసి దాచేసిందీ నేనే."

ఆమె ఏడవలేదు. "తెలుసన్నయ్యా. విచారణ రోజు నేను మొత్తుకుంటే ఒక్కరూ నోరు విప్పలేదు. ఇప్పుడు నాకు చెబితే నీ గుండె బరువు దిగుతుంది గానీ నా మీద రాసిన కాగితం మారదు. సంతకం పెట్టిన చోటికెళ్ళి చెప్పు."

ఆ రోజు మేస్త్రి రొట్టె తీసుకోలేదు.

ఇంటికి వెళ్ళి భార్యకు అంతా చెప్పాడు. ఆమె ఆశ్చర్యపోలేదు. కంచం ముందు కూర్చుని చేసే ప్రార్థనలో నాలుగు నెలలుగా మొదటి మాటా చివరి 'ఆమెన్' తప్ప మధ్యలో ఏమీ వినపడటం లేదని, తనకేమీ చెవుడు రాలేదని దెప్పింది. ఉద్యోగం ఊడితే ఏం తింటామని ఒక గంట సణిగింది. మర్నాడు పొద్దున మాత్రం ఇస్త్రీ చేసిన చొక్కా కుర్చీ మీద పెట్టింది.

"దేవుడి దగ్గరికి తెల్లచొక్కాతో వెళ్తావు. ఆఫీసరు దగ్గరికి మాసినదెందుకు?"

ఇన్నాళ్ళూ మోకరించి అతను అడిగింది మరచిపోయే వరం. ఆ ఉదయం మొదటిసారి కాళ్ళకు బలం ఇమ్మని అడిగాడు. అడిగిన వెంటనే భయం పోయిందని చెబితే అబద్ధమవుతుంది. భయం అతనితోపాటే బస్సెక్కింది, అతనితోపాటే కార్మికశాఖ కార్యాలయం మెట్లెక్కింది. అయినా అతను వెనక్కి తిరగలేదు. నేరమంతా తనదేనని స్వయంగా రాసి అక్కడి అధికారిణి చేతికిచ్చాడు. దాని నకలు తీసుకుని మధ్యాహ్నానికి ఆ అమ్మాయి ఇంటికి చేరాడు.

ఆమె ఎడమచేత్తో అక్షరాలు దిద్దుతోంది. కలం పక్కన పెట్టి, నకలును రెండుసార్లు చదివింది. మెచ్చుకుంటుందని అతను అనుకోలేదు గానీ, ఎక్కడో ఒక మూల ఆశపడ్డాడు.

"ఇందులో మేనేజరు పేరేదీ?" అంది.

తన పాపం తాను ఒప్పుకోవడమే విశ్వాసి పని అని, ఇంకొకరి మీద చాడీ చెప్పడం తగదనుకున్నానని అతను నసిగాడు.

"ఎంత చక్కగా అల్లావన్నయ్యా. నీ ఒక్కడి తప్పంటే నిన్ను తీసేసి ఇంకో మేస్త్రిని పెట్టుకుంటారు. చెక్కముక్కలు మాత్రం అక్కడే ఉంటాయి. మిగతా పదకొండు మిషన్ల మీద చేతులు లేవా? నువ్వు మంచివాడివి అనిపించుకోవడానికి వెళ్ళావా, నిజం చెప్పడానికి వెళ్ళావా?"

మేస్త్రి మొహం కందగడ్డ అయింది. కోపం రావలసిన చోట అతనికి సిగ్గు వచ్చింది. దేవుడు అతన్ని నిజంగా తాకింది చర్చిలో కాదు, ఆ చిన్న గదిలోనేనని నా నమ్మకం. తన పశ్చాత్తాపంలో కూడా పిరికితనం దాక్కుని ఉందని అతనికి అక్కడే తెలిసింది. కార్యాలయం మూసేలోగా వెళ్ళి రెండో కాగితం రాశాడు. ఏ రోజు, ఏ గదిలో, ఏ మాటలతో మేనేజరు ఆజ్ఞాపించాడో ఒక్కటీ వదలలేదు.

మర్నాడు అధికారిణి మేస్త్రినీ మేనేజరునీ పిలిపించింది. మేనేజరు కుర్చీలో వెనక్కి వాలి, ఏం మేస్త్రీ, స్వర్గంలో ప్రమోషను ఇస్తామన్నారా అని నవ్వాడు. ఈ కట్టుకథకు సాక్షి ఎవరని అడిగాడు.

"చెక్కినవాణ్ణి నేను సార్. చెక్కమన్న మాట విన్నవాణ్ణీ నేనే. ఈ క్షణమే మేడమ్‌గారిని ఫ్యాక్టరీకి రమ్మనండి, పదకొండు ముక్కలు నేనే పీకి చూపిస్తాను."

మాట వణకలేదు. మేనేజరు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

అధికారిణి ఫ్యాక్టరీకి బండి సిద్ధం చేయమని గుమాస్తాకు చెప్పి, పాత నివేదిక తెప్పించింది. అజాగ్రత్త అని ఉన్న వాక్యాన్ని అడ్డంగా కొట్టివేసి, పక్కన సంతకం చేసింది. అంతసేపూ మేస్త్రి మేనేజరు ఎదుట తల దించకుండా నిలబడే ఉన్నాడు. కూర్చోమని అతనితో ఎవరూ అనలేదు. అతనికీ ఆ అవసరం తోచలేదు.