చావింటికి అన్నం

ఎమ్మెల్యే టికెట్ల జాబితా మధ్యాహ్నానికల్లా వస్తుందని చెప్పడానికి మహేష్ పొద్దున్నే నంద్యాల నుంచి వచ్చి మా హాల్లో కూర్చున్నాడు. అతను పార్టీ జిల్లా ఆఫీసు మనిషి. అప్పటికే నేను వంటింట్లో ఇరవై మందికి సరిపడా పప్పు ఉడికిస్తున్నాను.

మా వీధి చివర మద్దిలేటి వాళ్లమ్మ సుబ్బలక్ష్మమ్మ ముందురోజు రాత్రి పోయింది. చావు జరిగిన ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలిగించరు. దహనం అయ్యాక వీధిలో వాళ్లే అన్నం తీసుకుపోయి వడ్డించాలి. అయితే మద్దిలేటి అవతలి పార్టీ అభ్యర్థి.

“అన్నా, నువ్వు ఆ గడప తొక్కితే టికెట్ పోతాది. పైనుంచి గట్టిగా చెప్పినారు,” అన్నాడు మహేష్ మా ఆయనతో.

మా ఆయన ఆదిశేషయ్య ముప్పయ్యేళ్లుగా ఆళ్లగడ్డ రాజకీయాల్లో ఉన్నారు. మా ఎరువుల కొట్టు ముందు బెంచీ మీద రెండు పార్టీల వాళ్లూ కూర్చుని టీ తాగుతారు. గన్‌మెన్ వద్దన్నారు, వెనక బండ్లు వద్దన్నారు. మెత్తని మనిషని పేరు. ఆ మెత్తదనం వల్లే ఇన్నేళ్లూ మున్సిపల్ చైర్మన్ పదవి దాటలేదు. ఈసారి రాబోయే జాబితాలో ఆయన పేరుంది.

దహనం అయిపోయిందని కబురు రాగానే ఆయన వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు.

“ఇందూ, నువ్వు పోయి పెట్టి రా. నేను దినాలకు పోతాలే.”

“నేనొక్కదాన్నే ఎట్ల మోస్తా? ఈ పప్పన్నం గుండిగె ఇద్దురు పట్టుకోవల్ల.”

“ఆటో పిలుస్తా.”

“మీ నాయన పోయినప్పుడు మద్దిలేటి ఆటోలో పంపించినాడా? తనే మోసుకొచ్చి, మీరు తినేదాకా పక్కన కూసోలేదా?”

మహేష్ హాల్లోంచే నవ్వాడు. “అది పాతకాలం వదినా. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లుండాయి.”

“ఉండనీ. మేమేమన్నా దొంగతనానికి పోతాండామా?”

 ఆయన చొక్కా చేతులు పైకి మడిచి గుండిగె ఒక పక్క పట్టుకున్నారు.

“మహేషూ, ఆ మజ్జిగ క్యాను నువ్వు పట్టుకో.”

“నేనా? నన్ను ఇరికించొద్దన్నా!” అంటూ అతను చెప్పులు సరిగా తొడుక్కోకుండానే కారెక్కేశాడు.

గుండిగె రెండో పక్కతో పాటు క్యాను కూడా నేనే పట్టుకున్నాను. పట్టపగలు వీధి మధ్యలో నడిచాం. షామియానా కింద మనుషులు మా వైపు తిరిగారు. మద్దిలేటి లేచి నిలబడ్డాడు. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి.

“ఏందప్పా, నువ్వే వచ్చినావ్?”

“ముందు విస్తరాకులు ఏపిచ్చు,” అన్నారు మా ఆయన.

ఎవరో దూరం నుంచి ఫోన్ ఎత్తారు. మా ఆయన గరిటె ఆపలేదు.

“ఆడ్నుంచి తీస్తే మొగం సరిగా పడదు. దగ్గరికి రాప్పా.”

మొదటి బంతి సగంలో ఉండగానే నంద్యాల నుంచి ఫోన్ వచ్చింది. ఆయన విని, “సరే” అని జేబులో వేసుకున్నారు.

“ఏమంటాండారు?” అన్నాడు మద్దిలేటి.

“నా పేరు తీసేసినారంట. ఇండిపెండెంటుగా నిలబడ్తా, నీ మీదనే. మజ్జిగ పొయ్యాల్నా?”