అత్తగారి పేరు

మా ఇంటి పద్ధతి ప్రకారం కోడలు అత్తగారి పేరు పలకకూడదు. ఆవిడ శ్రీకాకుళం నుంచి ఓడెక్కి వచ్చినప్పుడు సామానుతో పాటు ఈ పద్ధతినీ అండమాన్‌కు తెచ్చుకున్నారు. పలకకపోతే నాకేం పోయిందిలే అనుకున్నాను. తీరా చూస్తే ఆ పేరు లేని చోటు లేదు. వాళ్ళ ఊరి అమ్మవారిది అదే పేరు. మా ఆయన పడవ మీద అదే పేరు. మేముండే బాంబూఫ్లాట్‌లో ఆవిడ మొదట చేపలు ఎండబెట్టుకున్న ఒడ్డుకి కూడా జనం ఆ పేరే పెట్టి రేవంటారు. ఆటోవాడు ఏ రేవని హిందీలో "కౌన్ సా ఘాట్, దీదీ?" అంటే, అత్తగారిదని "సాస్ వాలా" అనేదాన్ని. వాడు నవ్వేవాడు. నాకు ఒళ్ళు మండేది.

అది చాలదన్నట్టు మా ఆయన పట్టుబట్టి పాపకీ ఆ పేరే పెట్టారు. కన్నది నేను, పిలిచే భాగ్యం ఊరందరిదీ! నేను మాత్రం బుజ్జీ అని సరిపెట్టుకున్నాను. బుజ్జీ అంటే దానికి గారాబమే గాని భయం లేదు.

మొన్న పోర్ట్ బ్లెయిర్ నుంచి ముగ్గురం వచ్చి బాంబూఫ్లాట్ జెట్టీలో ఫెర్రీ దిగాం. అత్తగారు బుట్ట సర్దుకుంటున్నారు. సీటు మీద బొమ్మ మరిచిపోయిందట, పాప నా చెయ్యి విదిలించుకుని వెనక్కి పరుగెత్తింది. అప్పటికే తాడు విప్పేశారు. ఫెర్రీకీ జెట్టీకీ మధ్య నీళ్ళు కనిపిస్తున్నాయి.

"బుజ్జీ! బుజ్జీ!"

చుట్టూ ఉన్న పిల్లలంతా తిరిగి చూశారు, నా కూతురు తప్ప. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"అసిరమ్మా!"

పాప అంచు దగ్గర ఠక్కున ఆగింది. పక్కనే తాడు విప్పిన లస్కర్ దాని రెక్క పట్టుకుని ఇవతలికి లాగాడు. వెళ్ళి ఎత్తుకున్నాక గాని నేనేం అరిచానో నాకు తెలియలేదు.

వెనక్కి తిరిగి చూస్తే అత్తగారు బుట్ట వదిలేసి నన్నే చూస్తున్నారు.

"తప్పయిపోనాది అత్తా, బయంలో నోట్లోంచి వచ్చేసింది," అన్నాను.

"మీ మావ పోయినకాడ నుంచీ నన్ను పేరెట్టి పిలిసినోలు నేరే," అన్నారావిడ. "పడవని పిలుత్తారు, రేవుని పిలుత్తారు. నన్నెవులు పిలుత్తారు? ఏదీ, మల్లీ పిలు."

ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. ఇన్నేళ్ళూ నా నోరు కట్టేశారని మండిపడ్డానే గాని, ఆవిడ చెవులు దేనికోసం ఎదురుచూస్తున్నాయో నాకు తట్టనే లేదు. జాలేసింది.

మెల్లగా పిలిచాను. ఇద్దరూ పలికారు.