పొందూరు వేళ్ళు

పొందూరు ఖద్దరు కొట్టు లక్ష్మణరావు కళ్ళు మూసుకుని గుడ్డను వేళ్ళ మధ్య నలిపాడంటే చాలు, చేతి వడుకో మిల్లు నూలో ఇట్టే చెప్పేస్తాడు. ఆ వేళ్ళే ఆయన ఆస్తి, ఆయన పొగరు కూడాను! అంతటి మనిషీ క్లోమంలో కేన్సరు ముదిరి, బిళ్ళలకు కూడా లొంగని కడుపునొప్పితో మూడంకె వేసుకుని పడుకున్నాడు. పాపం, భార్య కన్యాకుమారి పొట్ట మీద చెయ్యి వెయ్యబోయినా "ముట్టుకోకే!" అని కసిరేవాడు.

శ్రీకాకుళం ఆసుపత్రిలో డాక్టర్ చరిత దాచకుండా చెప్పింది.

"రోగం నయం కాదు బాబాయిగారూ. కానీ నొప్పిని మోసుకెళ్ళే నరాలు పొట్ట వెనకాల గుత్తిగా ఉంటాయి. స్కాన్‌లో చూస్తూ, సూదితో ఆల్కహాలు పంపి వాటిని చంపేస్తాం. నొప్పి చాలావరకు తగ్గుతుంది."

"ఆల్కహాలా? మా ఇంటా వంటా నేదు! అయినా నరాలు సంపేస్తే నా వేళ్ళు మొద్దుబారిపోవేటి?"

"ఆ నరాలు వేరు, వేళ్ళ నరాలు వేరు."

"గుడ్డలోడికి సెప్తన్నావా తల్లీ? ఒక్క పోగు తెగితే నేతంతా వదులైపోదా? నాకొద్దు."

కన్యాకుమారికి ఒళ్ళు మండిపోయింది.

"మీ వేళ్ళు తగలెయ్య! మీరలా మూలుగుతుంటే నా పేనం పోతన్నాది. నాకోసమైనా ఏయించుకోండి," అంటూ బావురుమంది.

అంత నోరున్న మనిషి ఏడవడం ఆయన ఎన్నడూ చూడలేదు. బిత్తరపోయాడు.

"సర్లే, ఏడవకు. అయ్యాక మాత్రం నా వేళ్ళకి పరీచ్చ ఎట్టాల," అన్నాడు.

సూది వేశారు. ఎన్నాళ్ళకో ఆయన కాళ్ళు చాపుకుని నిద్రపోయాడు. తెల్లారి లేచి గంజి అడిగి తాగాడు. తాగీ తాగగానే కళ్ళు మూసుకుని చెయ్యి చాపాడు.

"ఏదీ, గుడ్డ తే."

కన్యాకుమారి కావాలనే మిల్లు గుడ్డ పెట్టింది. ఆయన ఇలా నలిపి అలా విసిరికొట్టాడు.

"దొంగమొకందానా! నన్నే బురిడీ కొట్టిద్దామనే? ఇంకోటియ్యి."

ఇంకో గుడ్డ తేలేదామె. నవ్వుతూ తన అరచెయ్యి పెట్టింది. ఆ వేళ్ళు దాని మీద కదిలి, టక్కున ఆగిపోయాయి.

"ఇదేటే, నీ సెయ్యి ఇంత గరుకైపోయినాది?"

"మీ దుప్పట్లుతికి. మరేటి?"

నొప్పి ధ్యాసలో ఆయన ఇన్నాళ్ళూ గమనించనే లేదు.

"ఇది సేతి వడుకే," అంటూ ఆ చేతిని తీసి, ఇన్నాళ్ళూ ముట్టుకోనివ్వని పొట్ట మీద తనే పెట్టుకున్నాడు.