ఇంజను లేని బండి ఎంత తాగుతుంది?

నేను ఒక తోకబండిని. కాగితాల్లో నా పేరు ట్రైలర్. పాయకరావుపేటలో ఆ పేరు ఎవరి నోటా తిరగదు. జీపు వెనక తగిలించి లాగుతారు కాబట్టి తోకబండి అన్నారు, అదే నిలిచింది. నాకు రెండు చక్రాలు, ఒక ఇనప తొట్టి, ముందుకు చాచిన ఒక కొక్కెం. హారను లేదు. దీపం ఒకటి ఉండేది, అది మేక కొమ్ము తగిలి పోయింది. నన్ను ఎవరూ నడపరు. ఎవరి వెనకనో నడుస్తాను. లోకంలో నాలాంటివాళ్లు చాలామందే ఉన్నారు గానీ, వాళ్లు ఆ సంగతి ఒప్పుకోరు.

తునిలో మస్తాన్ అనే వెల్డరు నన్ను పుట్టించాడు. ముందు సగం నుజ్జయిన పాత జీపు ఒకటి దొరికితే, దాని వెనక ఇరుసు ఊడదీసి, పైన ఇనప పట్టీలు పేర్చి, మూడు రోజులు నిప్పులు చిమ్మించి నిలబెట్టాడు. ఆకుపచ్చ రంగు వేస్తూ, "దీనికి ఆకలుండదు, దప్పికుండదు. అల్లుడంటే ఇలాంటోడు దొరకాలి" అన్నాడు. ఆ మాట ఎంత తప్పో అతనికీ తెలియదు, అప్పటికి నాకూ తెలియదు.

మొదట నన్ను కడియంలో నర్సరీ నడిపే ఒకాయన కొన్నాడు. నాలుగేళ్లు పూలకుండీలు మోశాను. మొక్కలకు పోసిన నీళ్లన్నీ నా అడుగున చేరి తుప్పు పట్టించాయి. దారిన పోయేవాళ్లు నన్ను చూసి, "ఎంత బాగున్నాయో!" అనేవారు. గులాబీలను అన్నారని నాకు ఆలస్యంగా తెలిసింది. ఆయన వ్యాను కొనుక్కున్నాక నన్ను పాయకరావుపేట సన్యాసిరావు గారికి అమ్మేశాడు.

సన్యాసిరావు గారిది టెంట్ హౌస్. ఆయనా, భార్య వరహాలమ్మా ముప్పై ఏళ్లుగా ఊరందరి పెళ్లిళ్లకీ పందిళ్లు వేస్తున్నారు. షామియానాలు, ఇనప గుంజలు, రెండు వందల కుర్చీలు, అన్నం వండే గుండిగలు నా మీదకెక్కాయి. జీపు తోలేది అప్పలకొండ. నెమ్మదస్తుడు. బరువంతా ఇరుసుకి కాస్త ముందుకి వచ్చేలా సర్దేవాడు. నా టైర్లలో గాలి తగ్గనిచ్చేవాడు కాదు. హైవే మీద ఎవరు హారను కొట్టినా యాభై దాటేవాడు కాదు.

జీపు ఒక్కటే వెళితే లీటరుకి పద్నాలుగు కిలోమీటర్లు వచ్చేది. నేను తగులుకుంటే పది. ఈ తేడా సన్యాసిరావు గారికి మింగుడుపడేది కాదు.

"తాగేది ఇంజనురా కొండా. తోకబండికి ఇంజనే లేదు గదా? లేనిది ఎలా తాగుద్ది?" అనేవారు.

"మనకీ ఇంజను లేదు గదండి బావుగారూ. మనం ఎక్కి కూకుంటే ఎడ్లు ఎక్కువ గడ్డి తినవేటండి?" అనేవాడు కొండ.

ఆయన నవ్వేవారు గానీ ఒప్పుకునేవారు కాదు. మనిషి నవ్వడం వేరు, ఒప్పుకోవడం వేరు.

ఇలా ఉండగా, తునిలో ఇంకో టెంట్ హౌస్ యజమాని తన వ్యాను మీద తన బొమ్మ వేయించుకున్నాడు. అది చూసినప్పటి నుంచి సన్యాసిరావు గారికి నిద్ర పట్టలేదు. వారం తిరక్కుండా ఆరడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు ఫ్లెక్సీ ఒకటి చేయించారు. ఇనప చట్రానికి బిగించి, నా ముందు గోడ మీద, జీపు కప్పు కంటే ఎత్తుగా నిలబెట్టారు. అందులో ఆయన నల్లకళ్లద్దాలు పెట్టుకుని, లోకమంతటికీ దణ్ణం పెడుతున్నారు. ఒక మూల పావలా కాసంత వరహాలమ్మ.

ఆ బొమ్మతో హైవే ఎక్కిన మొదటి రోజే, ఎవరో నా రొమ్ము మీద రెండు చేతులూ పెట్టి వెనక్కి నెడుతున్నట్టు అనిపించింది. ఇరుసు మూలిగింది. జీపు గొంతు మారిపోయింది. పది కాస్తా ఏడయింది.

సన్యాసిరావు గారు నెల రోజులు చూశారు. ఒక పొద్దున బస్టాండు పక్క టీ కొట్టు దగ్గర, పదిమంది వింటుండగా అడిగేశారు.

"ఒరే కొండా, లీటరుకి మూడు కిలోమీటర్లు ఎవరు తాగేస్తన్నారా? బండా, నువ్వా?"

కొండ ముఖం మాడిపోయింది. జేబులోంచి తాళం చెవి తీసి బల్ల మీద పెట్టాడు.

"దొంగ సేతిలో మీ తాళం ఉండకూడదు బావుగారూ" అని నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

డ్రైవరుకి పేరు పోతే ఊళ్లో ఏ బండి తాళమూ అతని చేతికి రాదు. మర్నాడు వేరే వాళ్ల కారు తోలడానికి వెళ్లాల్సింది. "మా బావమరిది తోలతాడులే" అని వాళ్లు కబురంపారు. వాళ్లకి బావమరిదే లేడు.

ఈ సంగతి తెలిసి వరహాలమ్మ భర్తని నిలదీసింది.

"దొంగతనం ఎవరు చూశారు?"

"చూడక్కర్లేదే. లెక్క చెప్తంది."

"అయితే ఆ లెక్కేటో నేనే చూస్తాను" అని తిన్నగా కొండ ఇంటికి వెళ్లింది. "తమ్ముడూ, రేపొక్క రోజు బండి తోలు. మీ బావుగారి కోసం కాదు, నా కోసం."

"దొంగోడు తోలే బండెక్కుతావా అప్పా?"

"దొంగవో కాదో చూడ్డానికే ఎక్కుతానురా."

మర్నాడు నన్ను నిండా నింపారు. ఎక్కడా పెళ్లి లేదు, పేరంటం లేదు. "పెళ్లికూతురెవరప్పా?" అని దారిలో అందరూ వేళాకోళం చేశారు. బంకులో ట్యాంకు మూతి దాకా డీజిలు పోయించి, వరహాలమ్మ ఒళ్లో జంతికల డబ్బా పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. ఎలమంచిలి వరకు, నలభై రెండు కిలోమీటర్లు, కిందకి దిగలేదు, రెప్ప వెయ్యలేదు. అక్కడి బంకులో మళ్లీ మూతి దాకా నింపిస్తే ఆరు లీటర్లు పట్టింది.

"ఇప్పుడేటంటావప్పా? ఒక్క బొట్టు దింపానా?" అన్నాడు కొండ.

"నువ్వు దింపలేదు. నేనూ తాగలేదు, జంతికలే తిన్నాను. మరి ఎటెళ్లింది?"

ఆమె దిగి నా చుట్టూ తిరిగింది. సముద్రం వైపు నుంచి గాలి వీస్తోంది. పైన ఫ్లెక్సీ డబడబా కొట్టుకుంటోంది. వరహాలమ్మ ఆగిపోయింది. ముప్పై ఏళ్లుగా ఆ చప్పుడు ఆమె చెవులకి తెలుసు.

"ఒరే కొండా! గాలొస్తే పందిట్లో మనం ముందేటి చేస్తాం?"

"పక్క పరదాలు దించేస్తాం. లేపోతే పందిరెగిరిపోద్ది."

"మరి ఈ పరదా ఎవరు దించాలిరా?"

ఇద్దరూ తలెత్తి చూశారు. నల్లకళ్లద్దాల్లోంచి సన్యాసిరావు గారు గాలికి ఉబ్బుతూ దణ్ణం పెడుతున్నారు. వాళ్లు నవ్విన నవ్వుకి బంకులో పనివాళ్లు బయటికొచ్చారు. పందిళ్లు వేసే ఇంట్లోవాళ్లే పరదా కట్టుకుని నెల రోజులు రోడ్డు మీద తిరిగారు!

బోల్టులు ఊడదీసి బొమ్మని కుర్చీల మీద వెల్లకిలా పడుకోబెట్టారు. నా రొమ్ము మీది చేతులు ఎవరో తీసేసినట్టయింది. తిరిగి ఇంటికొచ్చేసరికి నాలుగు లీటర్లే పట్టింది.

సన్యాసిరావు గారు అంత తేలిగ్గా లొంగుతారా? "వచ్చేటప్పుడు గాలి వెనకనుంచి తోసుంటుందే" అన్నారు.

"అయితే రేపు మీరే తోలుకెళ్లండి. వెళ్లేటప్పుడు పడుకోబెట్టండి, వచ్చేటప్పుడు నిలబెట్టండి."

ఆయన పందెం వదిలే మనిషి కాదు. వెళ్లారు. వెళ్లేటప్పుడు నాలుగు, వచ్చేటప్పుడు ఆరు. బంకులో ఆ అంకెని కళ్లద్దాలు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి చూశారు. తరవాత ఇంటికి పోకుండా బండిని కొండ ఉండే వీధిలోకి తిప్పారు.

వెళ్లడం బాగానే వెళ్లారు. వీధి చివర గోడ ఉంది. పైన కేబుల్ తీగలు బొమ్మ మెడకి చుట్టుకున్నాయి. వెనక్కి తీయాలి. జీపు స్టీరింగు ఎడమకి తిప్పితే నేను కుడికి పోతాను, కుడికి తిప్పితే ఎడమకి పోతాను. అది నా మొండితనం కాదు, నా పుట్టుకే అంత. ఆ విద్య నేర్చినవాడు తప్ప ఎవరూ నన్ను వెనక్కి నడపలేరు.

"కుడికండి బావుగారూ!" అంది కుళాయి దగ్గర ఒకావిడ.

"కుడికేటి, ఎడంకి!" అంది ఇంకొకావిడ.

ఆయన ఇద్దరి మాటా విన్నారు. నేను ఒకరి నీళ్ల డ్రమ్ము దొర్లించి, అడ్డంగా తిరిగి వీధి మూసేశాను. పైన ఆయన చిరునవ్వు నవ్వుతున్నారు, కింద ఆయన చెమటలు కక్కుతున్నారు. కొండ తన గుమ్మంలో చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

"ఒరే కొండా, కాస్త వెనక్కి తియ్యరా."

"నానా? దొంగోడి సేతికి తాళం ఇస్తారేటండి?"

సన్యాసిరావు గారు కిందకి దిగారు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. వేలెత్తి పైకి చూపించారు.

"దొంగవి నువ్వు కాదురా. అదిగో, దొంగోడు పైన నిలబడి దణ్ణం పెడతన్నాడు."

కుళాయి దగ్గర బిందెలు వదిలేసి మరీ నవ్వారు. కొండ నవ్వలేదు. బొమ్మ మెడనుంచి తీగలు తప్పించి, జీపెక్కి, ఒక్క ఊపున, చంటిపిల్లని చెయ్యి పట్టుకు నడిపించినట్టు నన్ను వీధి బయటికి తీసుకొచ్చాడు. అక్కడ ఆపలేదు. సన్యాసిరావు గారిని పక్కన కూర్చోబెట్టుకుని, తిన్నగా బస్టాండు పక్క టీ కొట్టుకి తోలి, ఇంజను ఆపి, తాళం ఆయన చేతిలో పెట్టాడు.

"ఇక్కడన్నారు గదండి. ఇస్తే ఇక్కడే ఇయ్యండి."

పెద్దాయన టీ తాగుతున్న పదిమందినీ చూశారు. గొంతు సవరించుకున్నారు. ఆ పొద్దున ఎంత గట్టిగా అడిగారో అంత గట్టిగానే చెప్పారు.

"అందరూ ఇనండి. ఆ మూడు కిలోమీటర్లు తాగింది కొండ కాదు. నా బొమ్మ. నాది తప్పు."

అని రెండు చేతులతోనూ తాళం చెవి చాచారు. కొండ కూడా రెండు చేతులతోనే అందుకున్నాడు.

ఇది జరిగి చాలా ఏళ్లయింది. ఇరుసు అరిగిపోయి నేను గొడౌను వెనక ఎండలో ఉన్నాను. వరహాలమ్మ నా మీద వడియాలు పెడుతుంది. మూడు బండ్లకి ఇప్పుడు కొండే పెద్ద. కొత్తగా చేరిన డ్రైవర్లు, "ఈ బండి లీటరుకెంతిస్తాదన్నా?" అని అడుగుతుంటారు.

"ఏటి లాగుతన్నావో, ఎంత జోరుగా పోతన్నావో, గాలికి ఏటి అడ్డం పెట్టావో ముందు నువ్వు సెప్పు" అంటాడు కొండ. "తరవాత బండినడుగుదాం."